ఒక్క రింగుకు పది మార్కులు

రొయ్యల మేత అమ్మే కంపెనీలో, రైతుల ఫోన్లు ఎత్తే గదికి నేను ఇన్‌ఛార్జిని. ఆ గదికి కొత్త ఫోన్ సిస్టమ్ పెడతామంటూ మూడు కంపెనీలు ప్రతిపాదనలు పంపితే, మా మేనేజరు మూడూ తెచ్చి నా బల్ల మీద పడేశారు. "మార్కులు మీరే వెయ్యండి. మీరు ఏది చెప్తే అదే" అన్నారు. నాకు ఫోను ఎత్తడం తెలుసు గాని కొనడం తెలియదు. ఆ మాట పైకి అనడానికి భయం. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

రెండో ప్రతిపాదనలో ఒక వాక్యం చదివాక ప్రాణం లేచివచ్చింది. పది సెకన్లలోపు తెగిపోయే కాల్స్‌ను సిస్టమే తీసేస్తుందట, సిబ్బందిని విసిగించదట. రోజంతా చెవులు చిల్లులు పడే మాకు అంతకన్నా ఏం కావాలి? పదికి పది వేశాను. వాళ్లే గెలిచారు.

సంతకాలకు ముందు రెండు రోజులు వాడి చూద్దామన్నారు మేనేజరు. మొదటి రోజు పొద్దున్నే మబ్బు పట్టింది, గాలి లేదు. అలాంటప్పుడు గుంటల్లో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. ఆక్సిజన్ బిళ్ళలతో మా వ్యాను పంపమని రైతులు ఊపిరి సలపనివ్వరు. ఆ రోజు మాత్రం ఎప్పుడో ఒక ఫోను.

"చూసినారా, ఎంత ప్రశాంతంగా ఉండాదో! మంచిదే ఎంచినారు" అన్నారు మేనేజరు.

మబ్బు రోజున ఆ ప్రశాంతత నాకు నచ్చలేదు. ఆగలేక తోటపల్లి గూడూరులో ఒక రైతుకు నేనే చేశాను. మబ్బు పడితే అందరికన్నా ముందు ఫోను చేసే మనిషి.

"ఏందక్కా ఇంతసేపు? తెల్లారినప్పట్నించి ఏడు మిస్డ్ కాల్స్ ఇచ్చినాను గదా!"

మా రైతుల పద్ధతి అదే. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు, మేము తిరిగి చేస్తాం. ఇన్నేళ్లుగా నేనే చేస్తున్న పని, మార్కుల కాగితం ముందు కూర్చునేసరికి ఎట్లా మరిచిపోయానో!

"రొయ్యలు ఎట్లా ఉన్నాయి?"

"గట్టు పక్కకొచ్చి చస్తా ఉండాయి. బిళ్ళలు అయిపోయినాయి. మీ వ్యాను కోసం కట్ట మీదే కూసోని ఉండా."

"మేము ఎత్తేదాకా పట్టుకోని ఉండొచ్చు గదయ్యా!" అని కసిరాను. తప్పు నాదని తెలిసీ కసిరాను.

"మీరు తిరిగి చెయ్యకుండా ఎప్పుడన్నా ఉండారా అక్కా?" అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు.

వ్యాను పంపించి, సిస్టమ్ పెట్టిన కంపెనీ అతనికి ఫోను చేశాను. పొద్దుటి నుంచి తీసేసిన నంబర్లన్నీ వెంటనే ఇమ్మన్నాను.

"అవి ఎక్కడా ఉండవు మేడం. మీరు పది మార్కులు వేసింది దానికే గదా."