బొట్టు పెట్టి ఇచ్చిన చీర

ధర్మవరంలోని ఆ పట్టుచీరల దుకాణంలో ఎవరైనా యూనియన్ మాట ఎత్తితే యజమాని నారాయణస్వామికి నవ్వొచ్చేది. "మనదంతా ఒక కుటుంబం కదమ్మా, మనకెందుకవన్నీ?" అనేవాడు. కుటుంబమట! ఆ కుటుంబంలో చీరలమ్మే ఆడవాళ్లు మాత్రం సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు సంచులు విప్పి చూపించాలి.

సువర్ణ అక్కడ ఏళ్ల తరబడి చీరలు పరిచి చూపిస్తోంది. చేయి చురుకు, నోరు అంతకంటే చురుకు. పెళ్లివాళ్లు వస్తే ఆమె ఎక్కడుందని అడిగి మరీ కూర్చునేవాళ్లు. అలాంటిది, శ్రావణమాసం రద్దీలో ఒక చీర కనబడకపోయేసరికి మేనేజరు భరత్‌కుమార్ కొనేవాళ్లందరి ముందర ఆమె సంచిని పరుపు మీద గుమ్మరించాడు. అన్నం డబ్బా మూత ఊడి చారు ఒలికింది.

"మగ్గాలోళ్లకు పట్టు కనబడితే చేయి ఊరుకోదప్పా," అన్నాడు.

మరునాడు చీర గోడౌన్‌లోనే దొరికింది. మేనేజరే దాన్ని వేరే కట్టలో చుట్టిపెట్టి మరిచిపోయాడు. ఆ కట్ట విప్పింది పక్క కౌంటరు అర్చన. అయినా ఆ మహానుభావుడి నోట తప్పయిందన్న ముక్క రాలేదు.

సువర్ణకు ఒళ్లు మండిపోయింది. మొగుడు ఓబిలేష్ మగ్గం మీద నేసేది షావుకార్లు నమ్మి ఇచ్చిన పట్టే. ఇంట్లో దొంగ ఉందంటే ఆ పట్టు ఎవరిస్తారు? అప్పటికే ఒక షావుకారు "ఈసారికి చూద్దాంలే" అని వట్టి చేతులతో పంపేశాడు. ఆమె కాగితం మీద ఫిర్యాదు రాసి ఇచ్చింది. అడిగింది ఒక్కటే. మేనేజరు ఎక్కడ దొంగ అన్నాడో అక్కడే, అందరి ముందర, తప్పయిందని చెప్పాలి.

విచారణ నారాయణస్వామి ఇంట్లో పెట్టారు. విచారించేవాడు యజమాని. పక్కన పెద్దమనిషిగా ఆయన భార్య రామసుబ్బమ్మ. ఆమె సొంత తమ్ముడే భరత్‌కుమార్! అతగాడు కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఇంతకంటే సిగ్గుమాలిన విచారణ ఉంటుందా?

"పిల్లోడు తొందరపడినాడులే సువర్ణా. యాడో ఒక మాట జారినాడు. దాన్ని కాగితాల దాంకా తెచ్చుకోవాల్నా?" అన్నాడు నారాయణస్వామి.

"యాడో కాదు సార్, దుకాణంలో జారినాడు. ఆడికే వచ్చి తప్పయిందనమనండి."

రామసుబ్బమ్మ లోపలికి పోయి పళ్లెంలో పసుపు కుంకుమ, వంగపండు రంగు పట్టుచీర తెచ్చింది. సువర్ణకు బొట్టు పెట్టి చీరను ఒళ్లో పెట్టింది. ముత్తైదువ బొట్టు పెట్టి ఇచ్చినదాన్ని ఎవరూ వద్దనరని ఆ ఇంటికి బాగా తెలుసు. ఆ దుకాణంలో ఇంతకు ముందు ఎత్తిన నోళ్లన్నీ ఇలాగే మూయించారు. అర్చన పెట్టెలో కూడా అలాంటి చీర ఒకటుంది.

సువర్ణ చీర తీసి పళ్లెంలో పెట్టేసింది.

"అయ్యో! బొట్టు పెట్టిచ్చిన చీర వద్దంటావా?" అంది రామసుబ్బమ్మ.

"బొట్టు ఉంచుకుంటానమ్మా. ఈ చీర కట్టుకోని వీధిలోకి పోతే జనం ఏమంటారు? దుకాణంలో ఎత్తుకపోయిన చీర ఇదేనంటారు!"

రామసుబ్బమ్మ పళ్లెం పక్కకు జరిపింది. భరత్‌కుమార్ ఫోన్లోంచి తలెత్తాడు.

"ఇంత పొగరుంటే రేపట్నుంచి పనికి రావద్దులే," అన్నాడు నారాయణస్వామి.

సువర్ణ నేరుగా దుకాణానికి నడిచింది. లోపల నిండా జనం. తన సంచి గుమ్మరించిన పరుపు దగ్గరే నిలబడి గొంతెత్తింది.

"ఆ చీర గోడౌన్‌లోనే దొరికినాది! పెట్టి మరిసినోడు మేనేజరు! నేను దొంగను కాదు!"

అర్చన చేతిలోని చీర పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అవును, ఆ కట్ట విప్పింది నేనే," అంది.