మంచులో నల్లపట్టీ

అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్లే రోడ్డు మీద రహమత్ బీ పదేళ్లుగా గ్యాంగు కూలీ. గుంతలు పూడ్చడం, అంచురాళ్లకు సున్నం కొట్టడం ఆమె పని. ఉప్పెన వచ్చిన ఏడాది రోడ్డు పక్క చెట్లన్నీ కూలిపోయాయి. పొగమంచు రోజుల్లో డ్రైవర్లకు దారి చూపింది ఆ చెట్లేనని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మరుసటేడు చలికాలం, పొగమంచులో తెల్లవారి మొదటి బస్సు ముందు చక్రం మలుపులో రోడ్డు పక్క కాలవ గట్టు దిగింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పనిలోకి వస్తున్న రహమత్ బీ పరుగున వెళ్లేసరికి డ్రైవరు శోభనాద్రి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నిన్ననే రాళ్లకి సున్నం కొట్టానండీ! కనపడలేదా?"

"తెల్లటి మంచులో తెల్లరాయి ఏం కనపడుద్దమ్మా?"

ఆ మాట ఆమెను వదల్లేదు. మర్నాడు చీకటితోనే బయల్దేరింది. ఒక రాయికి నడుమున తారుపట్టీ పూసి, పక్కదాన్ని తెల్లగానే ఉంచి, తెల్లవారాక వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పద్నాలుగో అడుగుకి తెల్లరాయి మంచులో కలిసిపోయింది. నల్లపట్టీ ఇరవయ్యారు దాకా నిలిచింది. నమ్మకం కుదరక మళ్లీ నడిచింది. మరి మొత్తం నల్లగా పూస్తే? అదీ చేసి చూసింది. మంచులో బాగానే ఉంది గానీ, పొద్దు వాలగానే రాయి జాడే లేదు. రెండు రంగులూ ఉండాల్సిందే.

మేస్త్రీ ఆదినారాయణ విసుక్కున్నాడు. "పైనుంచి వచ్చింది సున్నానికే ఆర్డరు. తారుకి నేనేం చెప్పుకోను?"

"చెప్పొద్దండీ. రేపు పొద్దున వచ్చి చూడండి, చాలు."

వచ్చాడు. నడిచాడు. గుంతలకు పోయగా మిగిలిన తారు డబ్బా ఆమె ముందు పెట్టాడు.

రాళ్లన్నిటికీ పట్టీలు పడ్డ వారానికి మళ్లీ మంచు దట్టంగా పట్టింది. శోభనాద్రి బస్సాపి, "ఎక్కమ్మా, నువ్వే చూద్దువుగాని" అన్నాడు. ఇంజను పక్కన కూర్చుని రహమత్ బీ కళ్లు చికిలించింది. ఇన్నేళ్లూ వంగి చూసిన రోడ్డు ఇంత ఎత్తు నుంచి కొత్తగా ఉంది. రాళ్లు ఒక్కొక్కటే మంచులోంచి పుట్టుకొస్తున్నాయి. మలుపు వచ్చింది. రెండు వైపులా రాళ్లు ఒకేలా ఉన్నాయి. కాలవ ఎటో తెలియలేదు.

"ఎటుందో మీకెలా తెలుద్దండీ?"

"అలవాటు మీదేనమ్మా. కొత్త డ్రైవరైతే ఇబ్బందే."

"అయితే కాలవ వైపు రెండు పట్టీలుండాలి. ఇక్కడే దించండి."

బస్సు దిగి, తారు డబ్బా ఉన్న వైపు గబగబా నడిచింది.