దరఖాస్తులో నేను రాసిన వాక్యం

2023 జూలై 9, ఆదివారం ఉదయం పదిన్నరకు, ఒర్లియంపేటలోని మా సేవాసంస్థ గదిలో ఆ సమావేశం మొదలైంది. మంచం పట్టిన వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, కాసేపు మాట్లాడి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలందరూ వచ్చారు. వారిలో మా చిన్నమ్మ కూడా ఉంది. మా కుటుంబంలో మొదటి పట్టభద్రురాలిని నేనే. ఆ సంస్థలో జీతం తీసుకునే ఏకైక ఉద్యోగినీ నేనే. కొత్తగా మంజూరైన నిధుల గురించి, మారబోయే ఏర్పాట్ల గురించి వారికి వివరించవలసిన బాధ్యత నాకు అప్పగించారు.

వచ్చే నెల నుంచి ఇళ్ళకు శిక్షణ పొందిన నర్సులు వెళతారనీ, కార్యకర్తలు ఇకపై అవగాహన సభలకు తోడ్పడితే చాలుననీ చెప్పాను. వారిలో చాలామందికి చదవడం రాదు. అందుకే ఏ కాగితమైనా మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించిన తరువాతే ఒప్పుకోవడం మా దగ్గర ఆనవాయితీ. కార్యకర్తల్లో ఒకరైన, మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన నిధుల కోసం పంపిన దరఖాస్తు చదవమన్నారు.

అది నేను రాసిందే. ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మూడో పేజీలో ఆ వాక్యం ఎదురైంది. దాటవేసినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ వారి నమ్మకం తప్ప ఆ గదిలో నాకు వేరే అర్హత లేదు. ప్రస్తుతం ఈ సేవ చేస్తున్నవారు నిరక్షరాస్యులనీ, నైపుణ్యం లేనివారనీ, వారి వల్ల రోగులకు హాని కలిగే అవకాశం ఉందనీ చదివాను.

"తెలుగులో బాగానే ఉంటిమే పాపా, ఇంగ్లీషులో ఎప్పుడు చెడిపోతిమి?" అన్నారు పెద్దాయన.

కొందరు నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు. మా అమ్మమ్మ మూడేళ్ళు మంచంలో ఉన్నప్పుడు చూసుకున్నది ఆమే. ఆమె ఉండబట్టే నేను రోజూ కాలాపేట బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళగలిగాను. అమ్మమ్మ వీపు మీద ఒక్క పుండు పడలేదు.

"నేను ఎవురికి ఏం చెడుపు చేసినాను?" అని అడిగింది.

ఎవరికీ చేయలేదన్నాను.

"మరి ఏంటికి అట్లా రాసినావు?"

"అట్లా రాస్తేనే నిధులు ఇస్తారు, చిన్నమ్మా."

"ఇచ్చినారు గదా. మంచిది." తరువాత తాను రోజూ వెళ్ళే ముసలామె సంగతి ఎత్తింది. "నర్సు వచ్చేది వచ్చే నెల గదా. అంతదాకా నేను పోవాల్నా, వద్దా?"

నిధులిచ్చినవారితో చేసుకున్న ఒప్పందం ప్రకారం కార్యకర్తలు ఆ రోజు నుంచే ఇళ్ళకు వెళ్ళకూడదు. వద్దని చెప్పాను.

ఆమె సరేనని తలూపింది. సంచి తీసుకొని అందరికంటే ముందు బయటికి వెళ్ళింది.

ఆగస్టు నుంచి నర్సులు వెళుతున్నారు. పని శ్రద్ధగా చేస్తున్నారు. ఇద్దరు రోగులకు పాత పుండ్లు మానాయి. అవగాహన సభలకు పాత కార్యకర్తలెవరూ రాలేదు. చిన్నమ్మ మా ఇంటికి రావడం మానేసింది.