మేనేజరు మామగారి మరమనిషి

ఆ రోజుల్లో మాదాపూర్ రాళ్ళ మధ్య అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తుండేవి గానీ, వాటిలో పనిచేసే మా ధైర్యాలు ఇంకా పడకేసే ఉండేవి. మా మేనేజరు గది తలుపు తెరుచుకుంటే చాలు, సెక్షన్‌లో కీబోర్డుల చప్పుడు రెట్టింపయ్యేది. మేం చాటుగా ఆయన్ని చండశాసనుడు అనేవాళ్ళం. నేనేమో ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి. దసరా వెళ్ళగానే నన్ను ఉంచాలో ఇంటికి పంపాలో తేల్చేది ఆయనే.

అలాంటి మనిషి ఓ సాయంత్రం నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి, టవల్లో చుట్టిన ఓ రేకు మరమనిషిని బయటికి తీశారు. జానెడు పొడుగు. ఒక చెయ్యి విరిగింది, తాళం తిప్పితే కదలదు. ఆయన మామగారు వయసులో ఉన్నప్పుడు జపాన్ నుంచి తెచ్చుకుని, అద్దాల బీరువాలో దేవుడి కన్నా భద్రంగా దాచుకున్నదట. ఆ పెద్దాయన తీర్థయాత్రకు వెళితే, ఇల్లు చూసిరావడానికి వెళ్ళిన అల్లుడుగారు ముచ్చటపడి దాన్ని చేతిలోకి తీసుకుని కింద పడేశారు. "పండగ భోజనానికి మమ్మల్ని పిలిచారు. ఈలోగా ఇది మళ్ళీ బీరువాలో ఉండాలి. నువ్వు ఎలక్ట్రానిక్స్ చదివావుగా!" అన్నారు. (అందులో వెతికినా ఒక్క వైరు లేదు. ఆ మాట చెప్పే గుండె నాకు లేదు.) "రంగు మీద గీత పడకూడదు సుమా! ఆ పాత రంగుదే విలువంతా."

మియాపూర్‌లో నా కిరాయి గదిలో ఊపిరి బిగబట్టి దాన్ని విప్పాను. లోపల స్ప్రింగు కొక్కెం నుంచి జారింది, అంతే. తగిలించి, చేతికి జిగురు పెట్టి అతికించాను. దసరా పొద్దున తాళం తిప్పితే టకటకా గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది! ఇక నా ఉద్యోగానికి ఢోకా లేదనుకుని, దాన్ని స్క్రూడ్రైవర్ల పక్కన నిలబెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూస్తే మరమనిషి లేడు.

వాకిట్లో ఇంటావిడ (నేను పెద్దమ్మ అనేవాణ్ణి) తన భర్త లారీ సామాన్లు కడిగి, బొట్లు పెట్టి వరసగా పేరుస్తోంది. జాకీకీ పానాకీ మధ్య, నుదుట కుంకుమతో తళతళా మెరిసిపోతూ నా మరమనిషి! ఎర్ర ఛాతీ లేదు, నీలం కళ్ళు లేవు, జపాను అక్షరాలు అసలే లేవు. తడి తలతో గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్? పండుగ పూట నీ పనిముట్టుకు పూజ చెయ్యొద్దా? మస్తు తుప్పు పట్టింది. చింతపండు, ఇటుక పొడి ఏసి జర గట్టిగ రుద్దిన. రంగు పోయింది గని, ఫికర్ చెయ్యకు, మనిషి మంచిగున్నడు!"

చౌరస్తాలో కారు ఆపుకుని ఎదురుచూస్తున్న సారు టవల్ విప్పి, మరమనిషిని వెలుతురుకి పట్టి చూశారు. "దీని మొహం ఏదోయ్?" అన్నారు. పెద్దమ్మ సంగతి చెప్పాను. తిట్టలేదు. "నువ్వూ పద" అన్నారు. ఆ మాట తిట్టు కన్నా భయంకరంగా ఉంది.

తలుపు తీసింది మామగారే. మరమనిషిని అందుకున్నారు, తిప్పి చూశారు, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఎవరు తోమారు దీన్ని?"

నేను కళ్ళు మూసుకున్నాను. రాత్రి రైలుకి టికెట్ దొరుకుతుందా అని కూడా ఆలోచించాను.

"నేనేనండి, మామయ్యగారూ. పండగ కదా అని, చింతపండుతో..." అన్నారు చండశాసనుడు, వణుకుతూ.

కళ్ళు తెరిచాను. నమ్మలేకపోయాను. మామగారి మొహం కందగడ్డ అయిపోయింది. ఆయన నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చేశారు. "అల్లుడుగారు తోమారా? చింతపండుతోనా! పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు ఒక్క గ్లాసైనా తొలిచారా?" అని భర్తని నిలదీశారు. ఆ పెద్దాయన గరిటెకి అందకుండా పక్కకి జరిగి, మరమనిషిని తీసుకెళ్ళి బీరువాలో పెట్టారు. ఎటు తిప్పి పెట్టాలో తెలియక కాసేపు తచ్చాడారు పాపం. మొహం ఎటో తెలిస్తేగా!

ఆ మరుసటి వారం నా ఉద్యోగం పర్మనెంటైంది. ఆ రోజు నన్ను ముందుకు తోసి ఆయన సులువుగా తప్పించుకోగలిగేవారు. ఎందుకలా చేయలేదని ఆయన్ని అడగాలన్న జ్ఞానం అప్పుడు లేదు. గండం గడిచిందన్న సంబరంలో ఆ పండగ భోజనంలో రెండు బూరెలు ఎక్కువ తిన్నాను, అంతే. ఇప్పుడు నేనూ మేనేజర్నే. నా గది తలుపు తోసుకుని కొత్త కుర్రాళ్ళు బిక్కుబిక్కుమంటూ వస్తుంటే, వాళ్ళ కోసం నేనలా వణుకుతూనైనా ముందుకొచ్చి నిలబడగలనా అనుకుంటాను. గలను అనే చెప్పుకుంటాను గానీ, ఆ చెప్పుకోవడం చూసి నాకే నవ్వొస్తుంది.