రూబెన్ మీద వేసిన ఒట్టు

టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో పడమటి పేటలో హెర్మీనియా నోటికి జడవని మనిషి లేడు. ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, చర్చిలో ముందు వరుసలో కూర్చుని ఫాదర్‌కి వినపడేలా దగ్గేది. డెబ్బై దాటినా పండక్కి ఆవిరి మీద ఉడికించే తమాలెల మొక్కజొన్న పిండి తన చేత్తోనే పిసికేది. ఇంకొకరు పిసికితే ముట్టేది కాదు. ఒక్కగానొక్క కొడుకు రూబెన్ సైన్యంలో చేరి అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడు. అప్పటి నుంచి వాడి ఫోటో ముందు కొవ్వొత్తి ఆరనివ్వలేదు, కోడలు గ్రసియేలాని తన ఇల్లు విడిచి పోనివ్వలేదు.

గ్రసియేలాకు గుండెలో వాల్వ్ పాడైంది. మందులూ పరీక్షలూ అన్నీ సైన్యం ఇచ్చిన కార్డు మీదే నడుస్తున్నాయి. యుద్ధంలో పోయిన సిపాయి భార్య వైద్యం సర్కారే చూసుకుంటుంది. ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుందా, ఆ కార్డు చెల్లదు. ఇంట్లో దాన్ని రూబెన్ కార్డు అంటారు. "చచ్చి కూడా పెళ్ళాన్ని సాకుతున్నాడే నా బిడ్డ" అని హెర్మీనియా మురిసిపోయేది.

అలాంటి ఇంటికి చెబో వచ్చాడు. టైర్ల కొట్లో పని. మాట తక్కువ, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నలుపే. ఓసారి గ్రసియేలా ఆయాసంతో వీధి మెట్ల మీద కూలబడితే ఎత్తుకొచ్చి లోపల పడుకోబెట్టాడు. మర్నాడు చూసి పోదామని వచ్చాడు, ఆ తర్వాత మెల్లగా ఆ ఇంటి మనిషే అయిపోయాడు. హెర్మీనియాకు ఒళ్ళు మండింది. కానీ ఏళ్ళ తర్వాత కోడలు నవ్వుతుంటే ఎలా కాదంటుంది? "ఆ టైర్ల మనిషికి ఇంకో రొట్టె వెయ్యి" అని మాత్రం అనేది. అతనూ ఆవిణ్ణి అమ్మగారూ అనే పిలిచేవాడు.

పెళ్ళి చేసుకుంటే కార్డు పోతుంది, చేసుకోకపోతే పరువు పోతుంది. కుండకు మూకుడుంటుంది గానీ ఊరి నోటికి మూకుడుండదు కదా! జపమాల సంఘం ఆడవాళ్ళు చర్చి మెట్ల మీద చెవులు కొరుక్కుంటుంటే హెర్మీనియాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గుసగుసలెందుకే? వాళ్ళకి పెళ్ళయింది! నది దాటి అవతల, మెక్సికోలో, మా చుట్టాల ఫాదర్ చేశాడు."

సంఘంలో సొకోరో అని ఒకావిడ ఉంది. దేన్నీ ఊరికే నమ్మదు. "ఏదీ, ఒట్టేసి చెప్పు వదినా" అంది.

"నా రూబెన్ మీద ఒట్టు!"

చచ్చిన కొడుకు మీద అబద్ధపు ఒట్టు వేసేసింది మహాతల్లి. సంఘం వాళ్ళు ఆ ఆదివారమే చర్చి హాల్లో కేకు తెప్పించారు. గ్రసియేలా, చెబో నోట మాట రాక, పెట్టిన ముక్క తిని ఇంటికొచ్చారు.

సొకోరో పనిచేసేది గ్రసియేలా వెళ్ళే ఆసుపత్రిలోనే, రోగుల్ని చేర్చుకునే కౌంటర్లో. హెర్మీనియాకు ఆ సంగతి తెలుసు. ఒట్టు వేసిన రోజు అది గుర్తు రాలేదు, అంతే.

వాల్వ్ మార్చే ఆపరేషన్ రోజు పొద్దున గ్రసియేలా చక్రాల కుర్చీలో ఉంది. పెదవులు నీలం తిరిగాయి. ఇక ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు ముందే చెప్పాడు. సొకోరో కార్డు తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఇది చెల్లదు వదినా."

"నిన్నటిదాకా చెల్లిందిగా! ఇవాళ దానికేం రోగం?"

"నీ కోడలికి పెళ్ళయింది కదా. ఆ కేకు కోసింది నేనే. తెలిసి తెలిసి చేర్చుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"కాగితం మీద పెళ్ళేం లేదండీ" అన్నాడు చెబో.

"టెక్సాస్‌లో కాగితమే ఉండాలని లేదు నాయనా. కలిసి కాపురం చేస్తూ, మొగుడూ పెళ్ళాలమని ఒప్పుకుని నలుగురిలో తిరిగితే చాలు, అదీ పెళ్ళే."

"ఇంటికి పోదాం అత్తయ్యా" అంది గ్రసియేలా. ఆ మూడు మాటలకే రొప్పు వచ్చింది.

ప్రార్థన చేద్దామని వచ్చిన సంఘం ఆడవాళ్ళు వెనకే నిలబడి కళ్ళింత చేసుకుని చూస్తున్నారు. వాళ్ళ ముందు ఏనాడూ తల దించని మనిషి హెర్మీనియా. భయమేసింది, సిగ్గేసింది. కుర్చీలో కోడలి రొప్పు వినిపిస్తూనే ఉంది.

"పెళ్ళి లేదు" అంది చివరికి. "నది దాటిందీ లేదు, ఫాదరూ లేడు. అంతా నేనల్లిన అబద్ధం. ఆ కేకు ముందు వీళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలమని ఒక్క మాటైనా అన్నారా? గుర్తు తెచ్చుకో."

"రూబెన్ మీద ఒట్టేశావు కదా వదినా!"

"వేశాను."

"అయితే ఇప్పుడూ వెయ్యి. పెళ్ళి కాలేదని వాడి మీదే ఒట్టెయ్యి."

హెర్మీనియా చెయ్యి పైకి లేచింది, మళ్ళీ దిగిపోయింది.

"వెయ్యను. ఒకసారి వాణ్ణి అబద్ధానికి అడ్డం పెట్టాను, చాలు. ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్తాను. సంఘంలోంచి గెంటెయ్యండి, మొహాన ఉమ్మెయ్యండి. పిల్లని మాత్రం లోపలికి పంపు సొకోరో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మాట వరసకు కాదు, నిజంగానే వంగింది.

"లే వదినా, లే! నీ మోకాళ్ళు కూడా పోతే వాటికో ఆపరేషన్ నేనెక్కడ చేయించను?" సొకోరో గబగబా కంప్యూటర్ ముందుకు జరిగింది. "భర్త?"

"యుద్ధంలో పోయాడు."

"మరి ఇతను?"

హెర్మీనియా చెబో వైపు చూసింది. చెబోయే చెప్పాడు. "వాళ్ళింట్లో అద్దెకుంటాను."

గ్రసియేలా మొహం అటు తిప్పుకుంది. కుర్చీ లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక నర్సు బయటికొచ్చింది. "వాల్వ్ మార్చారు, బాగానే ఉంది. ఇంకా మెలకువ రాలేదు. ఇంటివాళ్ళు మాత్రం వచ్చి చూడొచ్చు."

దిగ్గున లేచిన చెబో మళ్ళీ కూర్చుండిపోయాడు. నల్లటి గోళ్ళు టోపీ కింద దాచుకున్నాడు. "మీరెళ్ళండి అమ్మగారూ."

హెర్మీనియా అతని రెక్క పట్టుకుని లేపింది.

"ఈయనెవరు?" అంది నర్సు.

కౌంటర్ దగ్గర సొకోరో తలెత్తింది. సంఘం ఆడవాళ్ళూ ఇటే చూశారు.

"నా కొడుకు" అంది హెర్మీనియా.

సొకోరో తల దించుకుని తన పని చూసుకుంది. ఒట్టెయ్యమని ఈసారి ఎవరూ అడగలేదు.