వెలిసిన టై, పోయిన ముడి

ఆలూరు దగ్గర మా పల్లెలో చర్చి కుటుంబాల పెండ్లికొడుకులందరికీ కలిపి ఒకటే టై ఉండేది. నీలం పట్టుది. ఎప్పుడో స్వదేశానికి వెళ్లిపోయిన దొర ఒకాయన మొదటి పెండ్లికొడుకు మెడలో దాన్ని తన చేత్తో కట్టి, టైని చర్చికే వదిలి వెళ్లాడట. ఆ ముడిని తరువాత ఎవరూ విప్పలేదు. పెండ్లి రోజు ముడిని కొంచెం జార్చి తల మీదుగా తొడుక్కోవాలి, కాలరు కింద బిగించుకోవాలి. పెండ్లి అయ్యాక మళ్లీ జార్చి తీసి, మెడకు చుట్టుకునే భాగాన్ని ముడి వెనక్కి మడిచి, చర్చిలో పడమటి కిటికీ ఎదుట గోడకున్న మేకుకు తగిలించాలి. నాకు తెలిసి పదకొండు మంది అలాగే తొడుక్కున్నారు.

పన్నెండవ పెండ్లికొడుకు మా అన్న. పిల్లది కడప, బడిపంతులు కూతురు. నిశ్చితార్థం నాడు పిల్ల మేనమామ అందరి ముందూ అన్నాడు.

"ఏమప్పా, ఆలూరు దిక్కు టైలు దొరుకుతాయా? లేకుంటే ఎద్దు పలుపే మెడకు సుట్టుకుంటావా?"

"సూస్తువు గానీలే మామా. దొర మాదిరే వస్తా."

అన్న నవ్వుతూనే అన్నాడు గానీ, ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా అదే మాట. ఆ మాట నిలబెట్టుకోవడమే ఇక అతని పంతం.

నేను అప్పుడే సర్వే చదువు ముగించి వచ్చాను. కావలసినవన్నీ వరసగా రాసిపెట్టింది నేనే: నల్ల కోటు ఒకటి, గంజి కాలరు ఒకటి, కాలరు గుండీలు రెండు, చేతి గుండీలు ఒక జత, జేబురుమాలు ఒకటి, టై ఒకటి. పెండ్లి ముందు రోజు ఉదయానికి అన్నీ ఇంటికి చేరాయి.

మేము బండ్లు మాట్లాడి మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి అమ్మ ఎదురొచ్చింది. టైని కుంకుడు రసంలో ఉతికి, నీడన ఆరబెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. అది ఆమె చేతిలో రిబ్బనులా తిన్నగా వేలాడుతోంది.

"ఎంత మురికి పాయనో సూడు నాయనా."

"ముడి యాడమ్మా?" అన్నాడు అన్న.

"ఇప్పినా. ముడి ఉంటే లోపలి మురికి యెట్ల పోతాది?"

అన్న మంచం మీద కూలబడ్డాడు. "సరే, పలుపే కట్టుకోని పోతా. ఆయప్ప సచ్చేదాకా నవ్వుతాడు."

పదకొండు మందిలో ఊళ్లో ఉన్న ఏడుగురినీ అడిగి వచ్చాను. తొడుక్కోవడం ఏడుగురికీ తెలుసు. కట్టడం ఒక్కరికీ తెలియదు.

అప్పుడు టైని వాకిట్లో చాప మీద పరిచి చూశాను. రంగు అంతటా ఒకేలా లేదు. ఇన్నేండ్లు కిటికీ ఎండ తగిలిన చోట వెలిసింది, తగలని చోట ముదురుగానే ఉంది. కొలతలు రాసుకున్నాను. వెడల్పు కొస నుంచి పదిహేను అంగుళాలు వెలిసింది. తరువాత ఐదు అంగుళాలు ముదురు. తరువాత రెండు అంగుళాల ముక్క, ఏటవాలుగా, వెలిసింది. మిగతా ఇరవై ఆరూ ముదురు. వెలిసినదంతా బయట ఉండినది, ముదురుగా ఉన్నదంతా లోపల ఉండినది. ముడి పోయింది గానీ, దాని నక్ష గుడ్డ మీదే ఉంది. వెలిసిన రంగు మాత్రమే బయటికి కనబడేలా కట్టగలిగితే, అదే దొర వేసిన ముడి.

మంచం కోడుకు కట్టి చూశాను. ఎనిమిదిసార్లు ముదురు రంగు ఎక్కడో ఒకచోట బయటపడింది. తొమ్మిదోసారి వెడల్పు కొసను సన్న కొస మీదుగా వేసి, వెనక నుంచి ఒక చుట్టు తిప్పి, మెడ సందులోంచి పైకి తీసి, ముందరి చుట్టు కిందుగా దించి లాగాను. ఏటవాలు ముక్క సరిగ్గా నడుమకు వచ్చి కూర్చుంది. ముదురు దారం ఒక్కటీ కనబడలేదు.

"దేవుడా, అదే!" అని అన్న లేచి ముడిని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇంక ముట్టుకోవద్దు!"

నేను కొస లాగి విప్పేశాను. అన్న నన్ను కొట్టబోయాడు. మళ్లీ కట్టాను. ఆ పైన పొద్దు వాలేదాకా అతని చేతే కట్టించాను, ఇరవై మూడుసార్లు.

మరుసటి రోజు చర్చి ముందర మేనమామ అన్న చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కాలరు చూశాడు, గుండీలు చూశాడు, ముడిని వేలితో పొడిచాడు.

"బాగుండాది గానీ, ఇది కుట్టిన ముడి కదప్పా?"

"కాదు మామా. కావాలంటే ఇప్పి సూడు."

మేనమామ నిజంగానే కొస పట్టి లాగాడు. టై జారి కోటు మీద రెండు పాయలుగా వేలాడింది. మా వాళ్లంతా అయ్యో అన్నారు. లోపల గంట మోగింది. నేను చెయ్యి చాచాను గానీ అన్న నా చేతిని పక్కకు నెట్టాడు. అద్దం లేదు. మేనమామ కళ్లలోకే చూస్తూ వేశాడు, చుట్టాడు, పైకి తీశాడు, దించాడు, బిగించాడు. ఏటవాలు ముక్క నడుమకే వచ్చింది.

మేనమామ ముడిని మళ్లీ వేలితో పొడిచి చూశాడు. "యాడ నేర్చినావప్పా?" అన్నాడు చివరికి.

"ఆలూరు దిక్కు అందరికీ వస్తాది మామా" అని అన్న కాలరు సర్దుకుని, పెద్దపెద్ద అడుగులు వేసుకుంటూ లోపలికి నడిచాడు.