తూము గుంజకు గోనెసంచి

థర్లో పీస్లీ గురించి ఆల్డర్ ఫాల్స్‌లో ఎవరినడిగినా మూడు మాటలు చెబుతారు. నీటి చక్రంతో నడిచే ఊరి పిండిమరను ఆఖరుగా తిప్పింది అతనే. పెళ్లి చేసుకోలేదు. మంచు పడ్డాక మర చెరువు వైపు నడవడు. మూడోదానికి కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు: “పాపం, చెల్లెలు అందులోనే పోయిందిగా!” ఎనభై రెండేళ్ల మనిషిని మూడు ముక్కల్లో తేల్చేయడం ఊళ్లకు అలవాటే.

అమెరికాలోని వెర్మాంట్ చలికి ఆ చెరువు రాయిలా గడ్డకడుతుంది. కానీ తూము ఎత్తి చక్రానికి నీళ్లు వదిలితే, అడుగున నీరు దిగిపోయి పైన మంచు డొల్లగా మిగులుతుంది. అందుకే థర్లో తండ్రి ఒక కట్టడి పెట్టాడు. తూము గుంజకు గోనెసంచి వేలాడుతుంటే చక్రం ఆగి ఉన్నట్టు, పిల్లలు మంచు మీద ఆడుకోవచ్చు. తూము ఎత్తేవాడు ముందు సంచి దించాలి, ఈల వెయ్యాలి, చెరువు ఖాళీ అయ్యేదాకా ఆగాలి.

1951 ఫిబ్రవరిలో, తండ్రి ఊళ్లో లేని రోజు, ఒక రైతు పశువుల దాణాకు మొక్కజొన్న తెచ్చి తొందరపెట్టాడు. పదిహేడేళ్ల థర్లో నేరుగా వెళ్లి తూము ఎత్తాడు. సంచి సంగతే మరిచిపోయాడు. తొమ్మిదేళ్ల ఎల్వా ఎర్రటోపీ పెట్టుకుని చెరువు మధ్యలో ఒక్కతే ఆడుకుంటోంది. సంచి వేలాడుతూనే ఉంది కదా, ఆ పిల్లకు భయమెందుకు? కేక విని పరిగెత్తిన థర్లోకి నల్లటి నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. దొరకలేదు. జనం చేరేలోగా లేచి, గుంజ మీది సంచి దించేశాడు.

“మొండిది. మాట వినలేదు,” అన్నాడు తండ్రి. తల్లి కూడా కూతురిదే తప్పని నమ్ముతూనే కన్నుమూసింది.

అరవై అయిదేళ్ల తర్వాత, ఊరి చరిత్ర సంఘం వాళ్లు మార్సియా బ్రాగ్డన్ అనే చిత్రకారిణి చేత ఆ మర బొమ్మ వేయించారు. ఆవిడ బొమ్మల్లో ఆవులు కూడా నవ్వుతుంటాయి. వెయ్యబోయే ముందు థర్లో వంటింట్లో రెండు మధ్యాహ్నాలు కూర్చుని మర సంగతులన్నీ అడిగింది. అతను ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడు.

చర్చి హాల్లో బీన్స్ విందు పెట్టి, మొదటి ప్రింట్లు గోడకు తగిలించారు. నీలిమంచులో ఎర్రటి మర. అందంగా ఉంటుందని చక్రం తిరుగుతున్నట్టు వేసింది ఆవిడ. చెరువు మీద పిల్లలు, మధ్యలో ఎర్రటోపీ. గుంజకు గోనెసంచి.

థర్లో నేరం గోడ మీద ఉంది, అందరూ బాగుందంటున్నారు. ఎవరైనా పోల్చుకుంటే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది.

పోల్చింది బ్యూలా, ఎల్వా చిన్ననాటి స్నేహితురాలు.

“ఏమయ్యా థర్లో, కళ్లజోడు పెట్టుకునే చూశావా? చక్రం తిరుగుతుంటే సంచి వేలాడదీసింది మహాతల్లి! మీ నాన్న చూస్తే సమాధిలోంచి లేచొస్తాడు,” అని గొంతు తగ్గించింది. “ఆ రోజు నాకు జ్వరం రాకపోయుంటే దాన్ని జుట్టు పట్టుకుని గట్టుకి లాక్కొచ్చేదాన్ని. సంచి ఉందో లేదో చూడవే అని ఎన్నిసార్లు చెప్పానో.”

“చూసే ఉంటుంది, బ్యూలా.”

“చూసి కూడా దిగిందంటే మరీ మొండిదన్నమాట.”

మార్సియా దగ్గరికొచ్చింది. “ఏమైనా తప్పు వేశానా థర్లో గారూ? చెప్పండి, అచ్చయినవి కొన్నే. మార్చేస్తాను. ఏది తియ్యమంటారు?”

ఇద్దరూ అతని మొహం వైపే చూస్తున్నారు. ఆ రోజూ సంచి ఇలాగే ఉందన్న ఒక్క మాట చాలు, ఎల్వా మాట విన్న పిల్ల అయిపోతుంది. నోరు తెరిచాడు.

“సంచి,” అన్నాడు. “అదక్కడ ఉండకూడదు.”

క్రిస్మస్ ముందు, దిద్దిన ప్రింటు పటం కట్టి పంపించారు. థర్లో దాన్ని వంటింట్లో తన కుర్చీకి ఎదురుగా తగిలించాడు. గుంజ బోసిగా ఉంది. ఎర్రటోపీ పిల్ల చెరువు మధ్యలో, ఎవరి మాటా విననట్టే ఆడుకుంటోంది.

మొదటిసారి దించినవాడు పదిహేడేళ్ల కుర్రాడు, బెదిరిపోయాడు అనుకోవచ్చు. రెండోసారి దించినవాడికి ఎనభై రెండేళ్లు.